ఆరు వందల ఏళ్ళ తీర్థం

మా కోనసీమలో జాతరని తీర్థం అంటాం. కనుమనాడు జగ్గన్నతోటకి ప్రభలు చేరితే అది తీర్థం. గుళ్ళో పూజారిగారు చేతిలో పోసేదీ తీర్థమే. నలుగురు మగవాళ్ళు చాటుకి వెళ్ళి "తీర్థం పుచ్చుకుందామా" అనుకుంటే అది వేరే తీర్థం. బి.ఏ.లో నానార్థాలు చెప్పేటప్పుడు, ఈ మూడో అర్థం పరీక్షలో రాస్తే మార్కులు వెయ్యనని మా లెక్చరర్‌గారు నవ్వించేవారు. ఈ మూడూ ఒక్కచోట కలిసి ఉండగా నేను చూసింది మాత్రం కిందటేడు సెప్టెంబరులో, జర్మనీలో.

మా అబ్బాయి మాన్‌హైమ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. మావారూ నేనూ మూడు వారాలు ఉండి రావడానికి వెళ్ళాం. ఒక శుక్రవారం రాత్రి అన్నాలు తింటుంటే వాడు "అమ్మా, ఇక్కడికి దగ్గర్లో ఆరు వందల ఏళ్ళనాటి తిరనాళ్ళు జరుగుతోంది, ట్రామ్ ఎక్కితే తిన్నగా అక్కడే దింపుతుంది, రేపు వెళ్దామా" అన్నాడు. పేరేమిట్రా అంటే "వుర్స్ట్‌మార్క్ట్, అంటే సాసేజీల సంత" అన్నాడు. మనం మాంసం తినం కదా, అక్కడ మనకేం పని అన్నాను. వాడు కాస్త ఆగి, "అసలు అది వైన్ పండగమ్మా. ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకుంటారు" అన్నాడు.

వాడు ఎందుకు ఆగాడో నాకు తెలుసు. మా ఇంట్లో ఆ మాట ఎత్తరు.

మా నాన్న తాగేవారు. 1992లో నాకు పన్నెండేళ్ళు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని పేపర్లో వస్తే, మా అమ్మ ఆ కాగితం మడిచి బియ్యం డబ్బాలో దాచుకుంది. ఆ ఉద్యమం జిల్లాలన్నీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఈ తేదీలు నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు. సారా పోతే నాన్న బ్రాందీకి మారారు. నిషేధం వస్తే ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చేవారు. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా పోయారు.

అందుకని వాడు అడగ్గానే ఏమీ అనలేకపోయాను. కానీ ఆరు వందల ఏళ్ళ తిరనాళ్ళు అన్నమాట చెవిలో పడ్డాక చరిత్ర పిచ్చి ఊరుకోనివ్వదు. ఆ రాత్రి దాని సంగతులు చదువుతూ కూర్చున్నాను. చదివిందీ మర్నాడు చూసిందీ కలిపి చెప్తాను. మీ పిల్లలు అటువైపు ఉంటే మీకూ ఇలాంటి పిలుపు వస్తుంది. ఎలా వెళ్ళాలి, ఎలా కూర్చోవాలి, ఎలా తిరిగి రావాలి అన్నది ముందే తెలిసి ఉంటే మంచిది.

ఆ ఊరు పేరు బాట్ డ్యుర్క్‌హైమ్. ఫాల్ట్స్ అనే ద్రాక్షతోటల సీమలో, అడవికొండల అంచున ఉంది. అక్కడికి ద్రాక్షని తెచ్చింది రోమన్లు. ఊరి పక్కన ఉంగ్‌స్టైన్ దగ్గర వైల్‌బెర్గ్ అనే గుట్ట మీద 1981లో తోటలు చదును చేస్తుంటే రోమన్ల కాలంనాటి పెద్ద ఇల్లు బయటపడింది. దాంతోపాటు ద్రాక్షని కాళ్ళతో తొక్కి రసం తీసే తొట్లు కూడా. ఇప్పటికీ ఆ రాళ్ళ చుట్టూ ద్రాక్షతోటలే.

ఊరి బయట మిఖాయెల్స్‌బెర్గ్ అని ఇంకో గుట్ట ఉంది. దాని మీద దేవదూత మైకేల్ పేరిట చిన్న ప్రార్థనా మందిరం. ఆయన పండగ సెప్టెంబరు 29న వస్తుంది. అంటే ద్రాక్షకోతల రోజులు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు మొక్కులు తీర్చుకోవడానికి కాలినడకన ఆ గుట్ట ఎక్కేవారు. ఎక్కినవాళ్ళకి ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది. కింద రైతులు రొట్టె, సాసేజీ, పీపాల్లో వైన్ ఒంటిచక్రం తోపుడుబండ్ల మీద పెట్టుకుని తోసుకొచ్చి అమ్మేవారు. ఈ సంత ప్రస్తావన 1417నాటి రాతల్లో ఉంది. మన ప్రభల తీర్థంలో ఖర్జూరం కొట్టూ జీళ్ళ కొట్టూ ఎలా పుట్టాయో ఇదీ అలా పుట్టిందే. మొదట దేవుడు, వెనకాల ఆకలి, దాని వెనకాల అంగడి.

తరవాత జరిగింది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. పదహారో శతాబ్దిలో ఆ ప్రాంతం ప్రొటెస్టెంటు మతంలోకి వెళ్ళింది. యాత్రలు ఆగిపోయాయి. గుట్టమీది పాతమందిరం కాలంలో కలిసిపోయింది. ఇప్పుడు అక్కడ కనిపించేది మన కాలంలో తిరిగి కట్టినది. మొక్కు పోయినా సంత మాత్రం పోలేదు. కింది మైదానంలో ఏటా జరుగుతూనే వచ్చింది. సాసేజీలు అంతలా అమ్ముడయ్యేవి కాబట్టి 1832 నుంచి సాసేజీల సంత అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడు సెప్టెంబరు రెండో వారాంతం, మూడో వారాంతం జరుపుతారు. ఆరు లక్షల మందికి పైగా వస్తారు. అక్కడ పోసే వైన్ అంతా ఆ ఊరి తోటలదే.

తోపుడుబండ్లూ పేరులో బతికే ఉన్నాయి. షూబ్‌కార్ష్ అంటే వాళ్ళ యాసలో తోపుడుబండి. మైదానంలో 36 చిన్న పాకల్లాంటి పందిళ్ళు వేస్తారు. వాటిని ఇప్పటికీ తోపుడుబండ్ల కొట్లనే పిలుస్తారు. లోపల సన్నగా పొడుగ్గా బల్లలు, వాటికి అటూ ఇటూ వీపు ఆనించుకోవడానికి లేని బెంచీలు. ఎవరికీ విడిగా కుర్చీ ఉండదు. మన బంతిభోజనాల్లో లాగా తెలియనివాళ్ళ మోచేతికి మోచెయ్యి ఆనించి కూర్చోవాల్సిందే.

చరిత్ర అన్నాక అంతా తియ్యగా ఉండదు. మైదానం పక్కనే ఒక బ్రహ్మాండమైన చెక్కపీపా ఉంది. 17 లక్షల లీటర్లు పట్టేంత పీపా. 1934లో కట్టారు. అందులో ఎప్పుడూ వైన్ పోయలేదు, లోపల హోటలు నడుపుతారు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మరుసటేడు, 1935లో, ఊళ్ళ మీదుగా వెళ్ళే దారికి జర్మన్ వైన్ దారి అని పేరు పెట్టి, వైన్ అమ్మకాలు పెంచడానికి నాజీ నాయకులు ఆర్భాటంగా ప్రారంభించారు. అమ్మకాలు ఎందుకు పడిపోయాయి? పంట ఎక్కువ రావడం ఒక కారణం. ఆ సీమలో వైన్ వ్యాపారం చాలావరకు చూసే యూదు వర్తకులని వ్యాపారంలోంచి వెళ్ళగొట్టడం ఇంకో కారణం. 1940 అక్టోబరులో ఫాల్ట్స్, బాడెన్ సీమల్లో మిగిలిన యూదులని, 6,500 మందికి పైగా, రైళ్ళలో ఎక్కించి ఫ్రాన్సులోని గుర్స్ నిర్బంధ శిబిరానికి పంపేశారు. ఇప్పుడు ఆ దారి బోర్డు దగ్గర అందరూ ఫోటో దిగుతారు. మేమూ దిగాం. దిగాక మా అబ్బాయికి ఈ సంగతి చెప్పాను. పక్కన కూర్చున్నవాణ్ణి లేపేసి ఆ బల్లనే పండగ అన్న కాలం కూడా ఒకటి ఉందని పిల్లలకి తెలియాలి కదా.

ఇక వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. ఇవన్నీ ఆ తిరనాళ్ళ చరిత్రలోనే ఉన్నాయి, నేను కొత్తగా కనిపెట్టినవి కావు.

మొదటిది, కారులో వెళ్ళకండి. పాతకాలంలో కాళ్ళతో వచ్చారు, కాళ్ళతోనే పోయారు. ఇప్పుడు మాన్‌హైమ్ నుంచి 4వ నంబరు ట్రామ్ ఉంది, ఊళ్ళో రైల్వే స్టేషనూ ఉంది. అక్కణ్ణుంచి మైదానం నడిచే దూరమే. రాను పోను టిక్కెట్లు ముందే కొనుక్కోండి, ఆఖరి బండి ఎప్పుడో చూసి ఫోనులో రాసి పెట్టుకోండి. జర్మనీలో బండి నడిపేవాడి రక్తంలో లీటరుకి 0.5 గ్రాముల ఆల్కహాలు హద్దు. మన దేశంలో 0.3. అక్కడ 21 ఏళ్ళు నిండనివాళ్ళకీ, లైసెన్సు వచ్చి రెండేళ్ళు కానివాళ్ళకీ అసలు ఒక్క చుక్క కూడా ఉండకూడదు. పిల్లలు "ఒక్క గ్లాసేగా" అంటే ఈ లెక్క చెప్పండి.

రెండోది, ముందు తినండి. ఇది తిండి వెంట పుట్టిన సంత, తిండి లేకుండా అక్కడ ఎవరూ గ్లాసు పట్టరు. శాకాహారులు కంగారు పడక్కర్లేదు గానీ అడిగి తినాలి. పల్చటి రొట్టెమీద మీగడా ఉల్లిపాయా వేసి కాల్చే ఫ్లామ్‌కూఖెన్ చూడ్డానికి మనదిలాగే ఉంటుంది, అందులో మామూలుగా పందిమాంసం ముక్కలు వేస్తారు. ఉల్లిపాయ రొట్టెలోనూ అంతే. మాంసం లేకుండా చేసి ఇమ్మంటే కొన్నిచోట్ల ఇస్తారు. బంగాళాదుంప తురిమి అట్లులా వేసి ఆపిల్ గుజ్జుతో పెడతారు. అందులో గుడ్డు ఉండొచ్చు, గుడ్డు తిననివాళ్ళు అడగండి. డాంప్‌నూడెల్ అని ఆవిరిమీద ఉడికిన బన్ను ఉంటుంది. అడుగున ఉప్పుగా మాడిన పెచ్చుతో, మన దిబ్బరొట్టె మాడుని ఇష్టపడేవాళ్ళకి అది ప్రాణం. అయితే దానిమీద వైన్‌తో చేసిన సాస్ పోస్తారు. వెనిల్లా సాస్ అడగండి.

మూడోది, గ్లాసు సంగతి. అక్కడి గ్లాసుని డుబ్బెగ్లాస్ అంటారు. డుబ్బె అంటే చుక్కలు. గాజుకి చుట్టూ వేలు పట్టేలా గుంటలుంటాయి. సాసేజీలు తిని జిడ్డు చేతులతో పట్టుకుంటే జారకుండా ఉండాలని కసాయివాళ్ళు చేయించుకున్నారని ఆ ఊళ్ళో కథ చెప్తారు. అది అర లీటరు గ్లాసు. అంటే మామూలు వైన్ సీసాలో మూడింట రెండు వంతులు ఒక్క గ్లాసులోనే పడుతుంది. ఇది ఒక్కడు తాగడానికి పుట్టింది కాదు. బల్లమీద ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్తుంది. ఈ సంగతి తెలియక కొత్తవాళ్ళు తలా ఒకటి కొనుక్కుని, గంటకే తూలుతారు. సోడానీళ్ళు కలిపినదాన్ని షోర్లె అంటారు. నీళ్ళు కలిపారు కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఆ సీమలో నీళ్ళకన్నా వైనే ఎక్కువ పోస్తారు. తాగనివాళ్ళకి ద్రాక్షరసం దొరుకుతుంది, అదే గ్లాసులో ఇస్తారు. గ్లాసుకి బయానా తీసుకుంటారు, తిరిగిస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు, మర్చిపోకండి.

నాలుగోది, ఫెడర్‌వైసర్. ఇంకా పులుస్తూ ఉన్న కొత్త వైన్, ఆ కాలంలోనే దొరుకుతుంది. మబ్బుగా, తియ్యగా ఉంటుంది. తాటికల్లు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున్న తియ్యగా ఉన్నది సాయంత్రానికి ఏమవుతుందో ఇదీ అంతే. తీపిని చూసి పిల్లల పానీయం అనుకోవద్దు. సీసా కొంటే మూత బిగించకూడదు, పడుకోబెట్టకూడదు. గాలి ఊరి సీసా పగులుతుంది, లేదా సంచీ అంతా తడిసిపోతుంది.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు పగటిపూట వెళ్ళండి. రంగులరాట్నాలున్నాయి, పెద్ద చక్రం ఉంది. చీకటి పడ్డాక కాలు పెట్టే చోటుండదు. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. ఆ పెద్దపీపా ఎక్కణ్ణుంచైనా అడిగితే చూపిస్తారు. చిన్న నోట్లూ చిల్లరా దగ్గర పెట్టుకోండి. మంచి చెప్పులు మాత్రం వద్దు, బూట్లు వేసుకోండి.

మేం ఒక తోపుడుబండి కొట్టులో కూర్చున్నాం. నా పక్కన డెబ్భై ఏళ్ళ ముసలావిడ, ఆవిడ భర్త, ఎదురుగా వాళ్ళ మనవలు. మా అమ్మ వయసే ఉంటుంది. నా చీర కొంగు బెంచీ మీంచి జారి నేలకి తగులుతుంటే తనే తీసి నా ఒళ్ళో పెట్టింది. వాళ్ళ గ్లాసు తిరుగుతూ తిరుగుతూ నా చేతికొచ్చింది. నేను బిగుసుకుపోయాను. మా అబ్బాయి నా చెవిలో "తాగక్కర్లేదమ్మా, పక్కవాళ్ళకి అందిస్తే చాలు, ఎవరూ ఏమనుకోరు" అన్నాడు. మావారికి అందించాను. ఆయన ఒకసారి వాసన చూసి వాడికి అందించారు.

వాడు గ్లాసు పట్టుకుని నా వంక చూశాడు. ఒక్క గుక్క తాగి, పక్కవాళ్ళకిచ్చాడు.

ఆ క్షణంలో నాకు ఒకటి తట్టింది. మా నాన్న తాగడం నేను ఎప్పుడూ చూడలేదు. తాగొచ్చిన నాన్ననే చూశాను. కొట్టు దగ్గర నిలబడి, ఖాళీకడుపున, నాలిక మీద ఉప్పుగల్లు వేసుకుని గటగటా తాగేసేవారట. ఇంట్లో అమ్మ మూతపెట్టి ఉంచిన కంచం అలాగే ఉండిపోయేది. ఆయనకి బల్ల లేదు, పక్కన మనిషి లేడు, గ్లాసు అందించడానికి ఇంకో చెయ్యి లేదు.

ఇది చూసి తాగుడు మంచిదని నేను అనడం లేదు. తిరిగి వచ్చేటప్పుడు మైదానం చివర ప్రథమ చికిత్స గుడారం దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు లేవలేక పడున్నారు. ఒకమ్మాయి భర్తని భుజం మీద మోసుకుంటూ స్టేషనుకి నడుస్తోంది. ఆ అమ్మాయి నడక నేను గుర్తుపట్టాను, మా అమ్మదే. ఏ దేశంలో అయినా, ఎంత పాత పండగలో అయినా, ఆ నడక ఒక్కలాగే ఉంటుంది. దూబగుంట ఆడవాళ్ళు ఆరోజు మూయించింది సరైన కొట్టునే.

ట్రామ్‌లో మావారు నిద్రపోయారు. బయట చీకట్లో ద్రాక్షతోటలు వెనక్కి పోతున్నాయి. మా అబ్బాయి "అమ్మా, కోపం వచ్చిందా" అన్నాడు.

"తాతయ్య ఎలా పోయారో తెలుసా నీకు?" అన్నాను.

"కామెర్లన్నావుగా."

వాడు పుట్టకముందే ఆయన పోయారు. వాడు అడిగినప్పుడల్లా ఇరవై మూడేళ్ళుగా ఆ ఒక్కమాటే చెప్పాను. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. నాన్న తాగుడు దాచుకున్నారు, నేను నాన్నని దాచాను. ఆ రాత్రి మాన్‌హైమ్ చేరేదాకా అంతా చెప్పాను. సారా ప్యాకెట్లు, మూతపెట్టిన కంచం, అమ్మ బియ్యం డబ్బాలో మడత పెట్టుకున్న పేపరు, ఆఖరి నెలల్లో ఆస్పత్రిలో నాన్న పొట్ట ఉబ్బిపోయి ఉండటం. కాలేయం జబ్బులు కొన్ని కుటుంబాల్లో త్వరగా పట్టుకుంటాయని, తాగుడు అలవాటు కూడా రక్తసంబంధంలో పాకే అవకాశం ఉందని డాక్టర్లు చెప్పే మాట కూడా చెప్పాను. వాడు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

స్టేషన్లో దిగాక, "ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాడు.

నిజమే. అందుకే వెళ్ళేవాళ్ళకి ఇంకొక్క సలహా ఇస్తున్నాను, ఇది టిక్కెట్టుకన్నా ముందు చూసుకోవాల్సినది. మీ ఇంట్లో ఇలాంటి కథ ఉంటే, ఆ బల్ల దగ్గర కూర్చునే ముందే పిల్లలకి చెప్పెయ్యండి. గ్లాసు చేతికొచ్చినప్పుడు ఎంత తాగాలో, ఎప్పుడు పక్కవాళ్ళకి అందించాలో వాళ్ళే తేల్చుకోవాలి. అది తేల్చుకోవడానికి వాళ్ళ తాతముత్తాతల చరిత్ర వాళ్ళకి తెలిసుండాలి.